ఎర్రబడ్డ నాచు ఆత్మకథ

నన్ను డునాలియెల్లా సలీనా అంటారు. నాచు కుటుంబమే గానీ, మెట్ల మీద పరుచుకుని మిమ్మల్ని జారవేసే రకం కాదు. ఏకకణ జీవిని. మిల్లీమీటరులో నూరోవంతు ఉంటానేమో. ముందున్న రెండు కశాభాలు ఆడిస్తూ ఈదుతాను. పుట్టినరోజు మాత్రం అడక్కండి. మేం రెండుగా చీలి పెరుగుతాం. చీలాక తల్లి ఎవరో, పిల్ల ఎవరో మాకే తెలీదు. అందుకని ఈ కథలో ‘నేను’ అన్నచోట ఒక వంశమే మాట్లాడుతోందనుకోండి.

మా ఇల్లు దక్షిణ ఫ్రాన్సులో మోంపెలియే దగ్గరి ఉప్పు మడులు. అక్కడి నీళ్లు ఎర్రబడటానికి మాలాంటి సూక్ష్మజీవులే కారణమని 1838లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త డ్యూనాల్ రాశాడు. 1905లో రొమేనియా శాస్త్రవేత్త టియోడొరెస్కో ఆయన పేరే మాకు పెట్టాడు.

చాలా శైవలాలకు ఒంటి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. నాకు పల్చటి పొర తప్ప ఏమీ లేదు. ఎండకు మడిలో నీరు ఇగిరి ఉప్పు చిక్కబడిందంటే, అది నా ఒంట్లో నీటిని బయటికి లాగేస్తుంది. నిమిషాల్లో ముడుచుకుపోతాను. అప్పుడు దాచుకున్న పిండిపదార్థాన్ని కరిగించి, సూర్యకాంతితో కొత్తగా కూడబెట్టిన కార్బన్‌నూ కలిపి గ్లిజరాల్ తయారుచేస్తాను. అది లోపల పేరుకున్నకొద్దీ నీళ్లు తిరిగొస్తాయి. కొన్ని గంటలకల్లా మళ్లీ ఒళ్లు చేస్తాను. వానపడితే పని తారుమారు: ఉబ్బిపోకుండా గ్లిజరాల్‌ను మళ్లీ పిండిగా మార్చుకుంటాను. అసలు వానంటే నాకు హడల్. నీరు పలుచబడితే నన్ను తినే ప్రోటోజోవాలు దిగుతాయి. చిక్కటి ఉప్పులో వాటికి బతుకు లేదు. ఉప్పు నన్ను పీడించడమూ నిజమే, కాపాడడమూ నిజమే.

రంగు సంగతి వేరు. నీళ్లలో నత్రజని అయిపోతే ప్రోటీన్లు తయారవవు, చీలిక ఆగిపోతుంది. ఎండ మాత్రం ఆగదు కదా! పత్రహరితం పట్టిన వెలుగును ఖర్చుపెట్టే దారి లేక, నన్ను లోపల్నించే కాల్చే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అందుకే హరితరేణువులో నూనె బొట్లు కట్టి, వాటినిండా బీటా కెరోటిన్ నింపుకుంటాను. అది నీలికాంతిని తానే పీల్చేసి పత్రహరితానికి గొడుగు పడుతుంది. పచ్చగా ఉన్నదాన్ని నారింజరంగుకు తిరుగుతాను, ఇంకా ముదిరితే ఎరుపెక్కుతాను. ఆ దశలో నా ఎండు బరువులో పదోవంతు దాకా అదే ఉండొచ్చు.

క్యారెట్‌లో మీరు తినేదీ ఈ పదార్థమే. మీ ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. ఫ్యాక్టరీలో చేసినది దాదాపు ఒకే ఆకారంలో ఉంటుంది. నా దాంట్లో సగం దాకా అణువు కాస్త వంగిన 9-సిస్ రూపం. అందుకే పశ్చిమ ఆస్ట్రేలియాలోని హట్ లగూన్‌లో, ఇజ్రాయెల్‌లోని ఐలత్‌లో చెరువులు కట్టి మరీ మమ్మల్ని సాగుచేశారు. ఆ సాగులో తిరకాసు ఒకటుంది. కడుపునిండా పోషకాలు పెడితే సంఖ్య పెరుగుతాం, రంగు రాదు. మాడ్చితే రంగొస్తుంది, సంఖ్య పెరగదు. ఐలత్‌లో ఈ ముడి విప్పడానికి ముందు ఒక చెరువులో మేపి, తర్వాత ఇంకో చెరువులో నత్రజని లేకుండా ఎండకు పెట్టారు. అలా తీసిన కెరోటిన్ సీసా మీద మాత్రం ‘సహజం’ అని అచ్చేస్తారు. మాడ్చడం సహజమే అయితే నాకేం అభ్యంతరం లేదు.

నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడి ఎర్రబడితే కీర్తంతా నాకే కట్టబెట్టకండి. నా రంగు బొట్లలో ముద్దగా చుట్టి ఉంటుంది, నీటిమీద పెద్దగా కనబడదు. ఉప్పు గడ్డకట్టే చివరి మడుల్లో ఎరుపు చాలావరకు హాలోఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులది. వాటి రంగు ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది.