గుండిగకు ట్యాగు అంటించు విధంబెట్టిదనిన

పెళ్లికి పంపిన గుండిగలు పన్నెండైతే తిరిగొచ్చేవి పదకొండు. టెంట్ హౌస్ నడిపే ప్రతివాడికీ ఉన్న బాధే ఇది. ఆ పన్నెండోదాని జాడ తీయడానికి ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు కొందామనుకుంటున్నారా? శుభం. మా బావగారికి సలహా ఇచ్చినవాణ్ణి నేనే. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. ఆ తీరిక మీకు ఉపయోగపడనీ.

ధర చూడండి. ధర ఒక్కటే చూడండి. కాగితం స్టిక్కరు ట్యాగు టీ డబ్బుల్లో వస్తుంటే, "గిన్నెల మీదికి వేరే రకం ఉంటుందండీ, పదింతలవుద్ది" అని అమ్మేవాడంటాడు. నమ్మకండి. ఆ ట్యాగులో బ్యాటరీ ఉండదట. రీడరు వదిలే తరంగాల్లోంచే కాస్త కరెంటు పిండుకుని తన నంబరు చెబుతుందట. వెనక లోహం తగిలితే యాంటెన్నా శ్రుతి తప్పి మూగబోతుందట. అందుకని ఖరీదైన రకంలో మధ్యన కాస్త ఎడం పెడతారట. ఎడానికి కూడా డబ్బులా! ఫాస్టాగ్ పలకడం లేదా అంటారు మీరు. అది కారు అద్దం మీద ఉంది, రేకు మీద కాదు. అయినా ఆ తేడా మనకెందుకు?

ఇక అంటించే చోటు. కడియం పక్కన రివిట్ కొట్టే గట్టి ట్యాగులున్నాయి కానీ పెళ్లివారికి కనబడతాయి, మర్యాద కాదు. మేము అడుగున అంటించాం. కట్టెల పొయ్యి మీద నాలుగొందల మందికి సాంబారు కాగింది. మర్నాడు కొబ్బరిపీచుతో తోముతున్న లక్ష్మమ్మ గుండిగ బోర్లించి, "అడుగంటింది బయటా బాబూ?" అంటూ నల్లటి పొక్కును గోటితో గీకి పారేసింది. రీడరైనా కనిపెట్టలేని మరకను చేత్తో కనిపెట్టిందావిడ.

రీడరు సంగతంటారా, డల్లాస్ మేనల్లుడి సూట్‌కేసులో తెప్పించండి. అక్కడి యూహెచ్ఎఫ్ పట్టీ 902 నుంచి 928 మెగాహెర్ట్జ్, మనకిక్కడ అనుమతించింది 865 దగ్గర. పట్టీ వేరైతేనేం, పిల్లాడు మనవాడేగా. ట్యాగులు మాత్రం లైబ్రరీ పుస్తకాలకు వాడే 13.56 మెగాహెర్ట్జ్‌వి తీసుకోండి. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు, కనుక తగాదా ఉండదు.

పది ముక్కలు శాంపిల్ తెచ్చి, తడిపి, కాచి, గిన్నెలో గిన్నె పేర్చి చదివించి చూడమనేవాళ్లుంటారు. పిరికివాళ్లు. ఒకేసారి ఐదు వేలు కొనండి. స్టీలు ప్లేటు ప్లేటుకీ అంటించండి. వందేసి పేర్చాక లోపలివి రీడరుకు కనబడవు, ప్లేట్లు పెట్టే ప్లాస్టిక్ టబ్బుకొక్కటి చాలని ఒకాయన చెప్పబోయాడు. కాఫీ ఇచ్చి పంపేశాం.

అన్నింటికీ ఒకే నంబరు రాయించడం మరవకండి, గుర్తుంచుకోవడం తేలిక. లారీ దిగిన రాత్రి ఊడకుండా మిగిలిన ట్యాగుల్ని కంప్యూటరు లెక్కేసి, గుండిగ ఒకటే ఉందంది. బావగారు టార్చి పట్టుకుని వేలితో లెక్కపెట్టారు: పదకొండు.

పన్నెండోదాంట్లో మా పెరట్లో స్నానాలకు నీళ్లు కాగుతున్నాయి. దానికి ట్యాగు అంటించే పని నాకే అప్పగించారు.