తుపాకీ గారి విమానయానం

అమెరికాలో విమానం ఎక్కే తుపాకీకి దారి ఒక్కటే: చెకిన్ లగేజీ. ప్రయాణికుడి పక్కన క్యాబిన్‌లో కూర్చునే యోగం దానికి లేదు. విమానం పొట్టలో సూట్‌కేసుల మధ్య పడుకుని వెళ్ళే హక్కు మాత్రం నిక్షేపంలా ఉంది. రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ షరతులు నాలుగు ముక్కల్లో తేలిపోతాయి. తూటాలు తీసెయ్యాలి, గట్టి పెట్టెలో పెట్టాలి, తాళం వెయ్యాలి, ఎయిర్‌లైన్స్ కౌంటర్‌లో చెప్పాలి.

ఈ చెప్పడమే అసలు ఘట్టం. వెనక చంకలో పిల్లలతో తల్లులు నిలబడి ఉండగా, ప్రయాణికుడు బరువు తూచే బల్ల దగ్గరికి వచ్చి తన దగ్గర తుపాకీ ఉందని ప్రకటించాలి. ఇదే మాట విమానంలో సీటు బెల్టు పెట్టుకున్నాక అంటే పోలీసులు వస్తారు. ఇక్కడ అంటే ఒక చీటీ వస్తుంది. తుపాకీ ఖాళీగా ఉందని ఆ చీటీ మీద సంతకం చేసి పెట్టె లోపల పడెయ్యాలి. పైన అంటించమని ఎయిర్‌లైన్స్ అడగకూడదు. లోపల తుపాకీ ఉందని బయటికి తెలిసే చీటీ ఏదీ పెట్టించరాదని ఫెడరల్ చట్టమే అడ్డుపడుతుంది. గాజు సామాను పెట్టెకైతే అక్షరాలా హెచ్చరిక రాయాలి, తుపాకీ పెట్టెకు మాత్రం గోప్యత కావాలి.

తూటాల సంగతి వేరు. వాటిని జేబులోనో ప్లాస్టిక్ కవర్లోనో వేసుకు రావడం కుదరదు. వాటి కోసమే తయారైన చెక్క, అట్ట, ప్లాస్టిక్ లేదా లోహపు డబ్బాలో సర్దాలి. చాలా ఎయిర్‌లైన్స్ 5 కిలోల దగ్గర గీత గీస్తాయి. హ్యాండ్ బ్యాగులో ఒక్క తూటాకు కూడా చోటు లేదు గానీ, రైఫిల్ మీద బిగించే దుర్భిణి ఆ బ్యాగులోనే దర్జాగా వెళ్ళవచ్చు. ఆవకాయ సీసా వెళ్ళలేదు. 100 మిల్లీలీటర్లు దాటితే వేరుశనగ వెన్న కూడా ద్రవమేనని టీఎస్‌ఏ తేల్చేశాక, పైన నూనె తేలే పచ్చడి తరఫున వాదించే నాథుడెవరు?

అన్నిటికన్నా రుచికరమైన భాగం తాళం. మామూలు సూట్‌కేసుకు ఎంత తాళం వేసినా దండగే. తనిఖీవాళ్ళ దగ్గర మారు తాళంచెవులుంటాయి, వాటికి లొంగకపోతే విరగ్గొడతారు. తుపాకీ పెట్టెకు ఆ అవమానం లేదు. దాని తాళంచెవి యజమాని దగ్గరే ఉండాలి, తెరవాల్సి వస్తే ఆయన్ను పిలిపించాలి. ఈ మర్యాద చూసి లక్షల రూపాయల లెన్సులు మోసే ఫోటోగ్రాఫర్లు కొందరు ఒక ఉపాయం కనిపెట్టారు. పరుగుపందేల్లో ఠాప్‌మని పేల్చే స్టార్టర్ పిస్టల్ ఒకటి కొని కెమెరా పెట్టెలో పడేస్తారు. నిబంధనల దృష్టిలో అదీ ఆయుధమే కాబట్టి పెట్టె మొత్తానికీ రాజలాంఛనాలు దక్కుతాయి. గుండు పేల్చడం చేతకాని తుపాకీ ఆ విధంగా దేశంలో ఎందరి సామానుకో కాపలా కాస్తోంది.

ఇన్ని సదుపాయాలున్నా వాడుకోని వర్గం ఒకటుంది: మరిచిపోయేవాళ్ళు. 2023లో తనిఖీ కేంద్రాల దగ్గర హ్యాండ్ బ్యాగుల్లో దొరికిన తుపాకులు 6,737. వాటిలో 93 శాతం తూటాలతో నిండే ఉన్నాయి. మరుసటి ఏడు 6,678. ఎక్కువమంది చెప్పే కారణం బ్యాగులో ఉన్నట్టు గుర్తులేదనే. నీళ్ళ సీసా మరిచిపోతే చెత్తబుట్ట, తుపాకీ మరిచిపోతే వేల డాలర్ల జరిమానా. ఈ మతిమరుపులో అట్లాంటా విమానాశ్రయం ఏటా ముందుంటుంది. జార్జియా రాష్ట్రం 2014లోనే వీళ్ళ మీద జాలిపడి, లైసెన్సున్నవాడు పొరపాటున తెస్తే కేసు లేకుండా తుపాకీతో వెనక్కి వెళ్ళిపోయే వీలు కల్పించింది. 2021 నవంబరులో అదే విమానాశ్రయంలో తనిఖీ చేస్తుండగా ఒక ప్రయాణికుడు బ్యాగులోకి చెయ్యి దూర్చాడు. తుపాకీ పేలింది. జనం హాహాకారాలతో పరుగెత్తారు. ఆ గలాటాలో సదరు ప్రయాణికుడూ పరుగెత్తి బయటపడ్డాడు.

అన్నీ సక్రమంగా జరిగిన సందర్భమూ ఒకటి ఉంది. 2017 జనవరి 6న ఒక వ్యక్తి అలాస్కా నుంచి ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగాడు. అతని చెకిన్ లగేజీ మొత్తం ఒక తుపాకీ పెట్టే. తాళం ఉంది, కౌంటర్లో చెప్పాడు. లగేజీ దొరికాక మరుగుదొడ్డిలోకి వెళ్ళి తూటాలు నింపుకొని వచ్చి, సామాను కోసం ఎదురుచూస్తున్నవారిలో ఐదుగురిని చంపాడు. అప్పటివరకు అతను ఏ విమానయాన నిబంధననూ తప్పలేదు.

నిబంధనలు పాటించి జైలుకెళ్ళినవాడూ ఉన్నాడు. 2005లో ఒక యూటా నివాసి పెన్సిల్వేనియాకు బయల్దేరాడు. రెండు చోట్లా అతని తుపాకీకి ఇబ్బంది లేదు. మధ్యలో న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో విమానం తప్పింది. లగేజీ తీసుకుని హోటల్లో పడుకుని, మర్నాడు కౌంటర్ దగ్గర బుద్ధిగా తుపాకీ ఉందన్నాడు. అరెస్టయ్యాడు. తుపాకీతో రాష్ట్రాలు దాటేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది గానీ, అది చేతికి అందే చోట ఉండకూడదు. హోటల్ గదిలో అందింది కదా! కేసు కొట్టేశాక అతను నష్టపరిహారం అడిగితే, ఆ రాత్రికి తుపాకీని పోలీసుల దగ్గరో విమానాశ్రయ సిబ్బంది దగ్గరో ఉంచాల్సిందని అప్పీలు కోర్టు 2010లో చెప్పింది.

ఇక సముద్రం దాటితే లెక్క తిరగబడుతుంది. డాలస్ షూటింగ్ రేంజ్‌లో సరదాగా జేబులో వేసుకున్న తూటా శంషాబాద్‌లో బయటపడితే, పక్కన తుపాకీ లేకపోయినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. దగ్గర ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది. కాబట్టి ఇక్కడ కూడా మరిచిపోవడమే శరణ్యం. కాకపోతే మరిచిపోయానని హైకోర్టు దాకా వెళ్ళి నమ్మించుకోవాల్సి రావచ్చు.