ఇరవై ఆరో భాగం

నా పేరు స్టాండర్డ్ ఫారం 86. అమెరికాలో దేశ రహస్యాలు చూసే ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలంటే ముందు నన్ను నింపాలి. ముద్రిస్తే నూట ముప్పై పేజీలు దాటే ఒళ్లు నాది. ఎక్కడ కాపురమున్నారు, ఎవరి దగ్గర పనిచేశారు, విదేశాల్లో చుట్టాలెవరు, అన్నీ అడుగుతాను. వాటికి ఓపిగ్గా జవాబులు రాసేవాళ్ల చెయ్యి కూడా ఇరవై ఆరో భాగం దగ్గర ఆగుతుంది. అది డబ్బు సంగతి. గత ఏడేళ్లలో దివాలా తీశారా? రిటర్న్ వేయకుండా గానీ, పన్ను కట్టకుండా గానీ ఉన్నారా? ఏ అప్పైనా 120 రోజులు దాటి బకాయి పడిందా?

ఊరికే అడగను. సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో అప్పులు మీదపడి సోవియట్ మనుషులకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత 5,40,000 డాలర్ల ఇల్లు రొక్కమిచ్చి కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చాడు. 1994లో పట్టుబడే సరికి అతను పేర్లు చెప్పిన, అమెరికా కోసం పనిచేసిన గూఢచారులు కొందరు మరణశిక్ష పడి తుపాకీ గుండ్లకు బలయ్యారు. అందుకే తీరని అప్పుతో పాటు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని సంపదనూ అనుమానంగా చూస్తారు.

అయినా అప్పున్న ప్రతివాణ్ణీ దొంగలా చూడటం అన్యాయం. ఒకావిడ నన్ను తెర మీద తెరిచి, పక్కన తన క్రెడిట్ రిపోర్టు పెట్టుకుంది. భర్త జబ్బుపడ్డప్పటి ఆసుపత్రి బిల్లు కలెక్షన్ ఏజెన్సీకి పోయింది. ఆ వరుస మీద పసుపు గీత గీసి ఉంది. బాణం గుర్తు ‘లేదు’ గడి మీద చాలాసేపు నిలబడింది. చివరికి ‘అవును’ నొక్కి, ఎంత బాకీ, ఎందుకు పడింది, నెలనెలా ఎంత కడుతోంది, అంతా రాసింది. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు, ఇంట్లో చావు, ఇలా చేతిలో లేని కారణాలతో అప్పుపడి, బాధ్యతగా తీరుస్తున్నవాళ్లకు 2017 నుంచి అమలులో ఉన్న మార్గదర్శకాలు చోటిచ్చాయి. దాచేవాళ్లకు మాత్రం ప్రమాదం. కావాలని అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా జైలు పడే నేరం.

ఏడేళ్లకు అప్పు క్రెడిట్ రిపోర్టులోంచి రాలిపోయింది గదా అని కొందరు ఊపిరి పీల్చుకుంటారు. రాలిపోవడం తీర్చడం కాదు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తీర్పు చెప్పేవాళ్లు ఆ తేడా చూస్తారు.

పన్ను సంగతి ఇంకా గట్టిది. రిఫండు వచ్చేదే కదా, వేయకపోతే ఏం అనుకుని రిటర్నులు మానేసినవాళ్లను చూశాను. వేయాల్సిన రిటర్ను వేయకపోవడమే లెక్కలోకి వస్తుంది. ఎవరూ తలమీద కూర్చోకపోయినా రూలు పాటించే మనిషా కాదా అని తేలేది అక్కడే. క్లియరెన్స్ ఆపుతామని నోటీసు వచ్చాక ఆదరాబాదరాగా కట్టినదానికి విలువ తక్కువ. ముందే పన్ను శాఖతో వాయిదాలు మాట్లాడుకుని, తప్పకుండా కడుతున్నవాళ్ల మాట నిలబడుతుంది.

వర్జీనియా, మేరీలాండ్‌లలో కాంట్రాక్టు సాఫ్ట్‌వేర్ పనులు చేసే, అమెరికా పౌరులైన తెలుగువాళ్లూ నా దగ్గరికొస్తారు. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె అక్కడి లెక్కే అనుకునేవాళ్లకు ఒక్కమాట: అమెరికా పౌరుడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా రిటర్నులో చూపాలి. విదేశీ బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే వాటి వివరాలు విడిగా ఇవ్వాలి.

నాలో ఇంకో ప్రశ్న ఉంది. అప్పుల విషయంలో క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థ సాయం తీసుకుంటున్నారా అని. ‘అవును’ అంటే చేతకానివాళ్లనుకుంటారని భయపడి చాలామంది ఆ సంస్థ గడప తొక్కరు. నాకు బాధ కలిగించేది అదే. అలా సాయం తీసుకుని, అప్పు అదుపులోకి వస్తున్నట్టు కనబడితే అది దరఖాస్తుదారుకు అనుకూలంగానే లెక్కకొస్తుంది. సంస్థ పేరు, ఫోన్ నంబరు రాయడానికి నేను చోటు కూడా ఉంచాను.