మూడు నిట్ల వెలితి

ఈ జాతి మనిషిని గుర్తుపట్టడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. సాయంత్రం ఏడింటికి అపార్ట్‌మెంటంతా లైట్లు వెలుగుతుంటే ఒక్క ఫ్లాటు మాత్రం చీకట్లో ఉంటుంది. వాచ్‌మన్ పైకొచ్చి తలుపు కొట్టి "ఫ్యూజు పోయిందా సార్?" అని అడుగుతాడు. "తలుపేసెయ్, కారిడార్ లైటు పడుతోంది!" అని లోపల్నుంచి కేక వినిపిస్తుంది. అదిగో, వాడే.

నా అదృష్టం బాగుండి ఇలాంటివాడు ఒకడు నాకు బామ్మర్ది అయ్యాడు. కొండాపూర్‌లో ఉంటాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, భార్య, ఒక కొడుకు, ఒక ఓఎల్ఈడీ గేమింగ్ మానిటరు. ఈ వరస నేను పెట్టింది, వాడినడిగితే కిందినుంచి చదువుతాడు. "మా తమ్ముడు గేమ్స్ ఆడుకోవడానికి కొనుక్కున్నాడు" అని మా ఆవిడ చుట్టాలకి చెబుతూంటుంది. వాడు ఆడగా చూసినవాళ్లు మాత్రం లేరు. వాడు చేసేదల్లా సెట్టింగు.

మామూలు మానిటరు కొన్నవాడు ప్లగ్గు పెట్టి, వెలుతురు ఎక్కువనిపిస్తే కాస్త తగ్గించి, తన పని తాను చూసుకుంటాడు. హెచ్‌డీఆర్, అంటే మెరుపుకీ చీకటికీ తేడా ఎక్కువ చేసి చూపించే హంగు, ఉన్న ఓఎల్ఈడీతో అంత తేలిగ్గా తెమలదు. మెనూలో ట్రూ బ్లాక్ 400 అని ఒకటి, పీక్ 1000 అని ఒకటి, రెండు దార్లుంటాయి. ఆ అంకెలు నిట్లు, అంటే తెర వెలుతురుకి కొలత. వెయ్యి ఎక్కువా నాలుగొందలు ఎక్కువా అంటే ఒకటో క్లాసు పిల్లాడు కూడా చెబుతాడు గానీ, మా బామ్మర్ది ముందు చెప్పకూడదు. గంట పడుతుంది. ఆ వెయ్యి నిట్లూ వచ్చేది తెరలో నూటికి రెండు మూడు వంతుల మేర వెలిగినప్పుడే. 27 అంగుళాల తెరమీద అది అరచేతికంటే తక్కువ జాగా. బొమ్మలో తెలుపు పెరిగేకొద్దీ కరెంటూ వేడీ హద్దు మీరకుండా మానిటరు తనంతట తనే వెలుతురు కోసేస్తుంది. తెరంతా తెల్లబడితే చాలా క్యూడీ-ఓఎల్ఈడీలు, వీడిదీ ఆ రకమే, 250 దగ్గరికి దిగిపోతాయి. వెయ్యి మోడ్‌లో ఈ కోత తొందరగా మొదలై, బొమ్మ మొత్తం మసకబారుతుంది. నాలుగొందల మోడ్‌లో మెరుపు తక్కువ, నిలకడ ఎక్కువ. నిక్షేపంలాంటి మనిషికి నిద్ర లేకుండా చెయ్యడానికి ఈపాటి చాలదూ?

వాడు మొదలుపెట్టిన ఆట 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. 1899 నాటి అమెరికా, దోపిడీ ముఠా ఒకటి పోలీసుల్ని తప్పించుకుని కొండల్లోకి పారిపోతుంది. మొదటి అధ్యాయమంతా మంచే. వాడి ప్రారబ్ధం ఇక్కడే ఉంది. రాత్రిపూట లాంతరు కనిపిస్తే వెయ్యి పెడతాడు, భేషుగ్గా మెరుస్తుంది. తెల్లారి మంచుమీద వెలుగు పరుచుకోగానే మానిటరు కోత పెడుతుంది. ఆట ఆపి, మెనూలోకెళ్లి నాలుగొందలకి మారుస్తాడు. మళ్లీ గుడిసెలో చలిమంట కనిపిస్తుంది. మళ్లీ మెనూ. ముఠా కొండ దిగి ఊళ్లు దోచుకోవాలి కదా, దిగలేదు. ఈ ఆటకి 2018లో హెచ్‌డీఆర్ ఉత్త పేరుకే ఇచ్చారని గొడవైందనీ, 2019లో సినిమాటిక్, గేమ్ అని రెండు రకాలుగా సర్ది ఇచ్చారనీ కూలంకషంగా చెప్పగలడు. హీరో చివరికి ఏమవుతాడురా అంటే మాత్రం రెండు చెవులూ మూసుకుని "కథ చెప్పేయకు బావా!" అంటాడు.

కాలిబ్రేషన్ రాత్రి ఒకటి నేను కళ్లారా చూశాను. మైక్రోసాఫ్ట్ వాడు ఇందుకోసం ఉచితంగా ఒక యాప్ ఇచ్చాడు. తెరమీద ఒక గళ్ల గుర్తు కనిపిస్తుంది, అది కనపడకుండా పోయేదాకా స్లైడరు జరపాలి. చీకటికి ఒకసారి, మెరుపుకి ఒకసారి, తెరనిండా పడే తెలుపుకి ఒకసారి. అయిదు నిమిషాల పని. వీడు కిటికీకి రెండు దుప్పట్లు కట్టాడు. రౌటరు మీద మిణుకుమనే లైటుకి బొట్టుబిళ్ల అంటించాడు. క్యూడీ-ఓఎల్ఈడీ మీద గది వెలుతురు పడితే నలుపు కాస్తా ఊదారంగు బూడిదలా కనిపిస్తుంది, అదీ వీడి భయం. అందాకా ఒప్పుకుందాం. అంతలో వంటింట్లో మా చెల్లెమ్మ పెరుగు కోసం ఫ్రిజ్ తలుపు తీసింది.

"మూసెయ్! బ్లాక్ లెవెల్ పోయింది!"

"పెరుగన్నం తిని పడుకుంటానండీ, తర్వాత మీ ఇష్టం."

"ఇటొచ్చి చూడు. గళ్లు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి."

"నాకు కనపడట్లేదే?"

"అద్దాలు పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. కనిపించాయి. అంతవరకూ జరిపిన స్లైడర్లన్నీ మళ్లీ మొదటికొచ్చాయి.

ఇంతకంటే పెద్ద దుఃఖం ఇంకోటుంది. హెచ్‌డీఆర్‌లో మామూలు తెలుపు, అంటే తెల్ల కాగితంలాంటి తెలుపు, 203 నిట్లుండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ తన నివేదికలో రాసిపెట్టింది. టీవీ ప్రసారాలవాళ్ల కోసం రాసుకున్న లెక్క అది, కొండాపూర్‌లో ఎక్సెల్ షీటు తెల్లగా కనపడ్డానికి కాదు. వీడు మాత్రం దాన్ని శిరసావహించాడు. విండోస్‌లో ఈ మామూలు తెలుపుకి సున్నా నుంచి నూరు దాకా ఒక స్లైడరుంది. సున్నా దగ్గర 80 నిట్లు, నూరు దగ్గర 480. అంటే ఒక్కో మెట్టుకీ నాలుగేసి. 30 దగ్గర పెడితే 200, 31 దగ్గర పెడితే 204. 203 అనేది ఆ స్లైడరు మీద పుట్టలేదు.

ఈ సంగతి తెలిసిన రాత్రి వాడు నాకు ఫోన్ చేశాడు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని గాభరాపడి ఎత్తాను. "బావా, మూడు తక్కువ పెట్టనా, ఒకటి ఎక్కువ పెట్టనా?" అన్నాడు. ఒకటి ఎక్కువ పెట్టుకోరా, దగ్గర కదా అన్నాను. "ఎక్కువ పెడితే తెర తొందరగా అరుగుతుందేమో" అన్నాడు. నాలుగు నిట్ల తేడాకి తెర అరుగుతుందని భయపడేవాడికి ఏం చెబుతాం? పడుకోరా అని పెట్టేశాను.

అరుగుతుందన్న భయం వట్టిదేం కాదు. ఓఎల్ఈడీలో కదలని బొమ్మ ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే దాని నీడ పడిపోతుంది. అందుకని వీడి కంప్యూటరులో టాస్క్‌బార్ దాక్కుని ఉంటుంది, ఐకాన్లు ఉండవు, వాల్‌పేపరు కటిక నలుపు. పిల్లాడి ఫొటో పెట్టమని చెల్లెమ్మ ఒకసారి అడిగిందట. "వాడి మొహం తెరమీద శాశ్వతంగా ఉండిపోతుంది" అన్నాడు. "ఉంటే నష్టమేంటి?" అంది. దానికి ఇంతవరకూ జవాబు లేదు. నాలుగు గంటలు వాడగానే పిక్సెల్ రిఫ్రెష్ చేసుకుంటానని మానిటరు గుర్తుచేస్తే మీటింగ్ మధ్యలోనైనా సరే లేస్తాడు. "దానికి నాలుగు గంటలకోసారి విశ్రాంతి ఇస్తారు, అన్నయ్యగారూ" అని ఆ అమ్మాయి నాతో అంది. మిగతాది చెప్పలేదు.

ఇంటిపట్టున ఉండి తన తెర తాను దిద్దుకుంటే సరే. ఈ జాతివాళ్లు పరాయి ఇళ్లమీద కూడా పడతారు. పోయిన సంక్రాంతికి మా ఇంటికొచ్చి, అందరం భోజనాల దగ్గరుండగా, మా టీవీని వివిడ్ మోడ్‌లోంచి తీసి ఫిల్మ్‌మేకర్ మోడ్‌లో పెట్టేశాడు. మా అమ్మ చెయ్యి కడుక్కొచ్చి సీరియల్ పెట్టుకుంది.

"టీవీ పాడైపోయిందిరా, అంతా పచ్చగా కొడుతోంది!"

"పాడవలేదు అత్తయ్యగారూ, ఇదే అసలు తెలుపు. డీ65 అంటారు. డైరెక్టరు చూసుకున్నది ఈ రంగే."

"ఆ డైరెక్టరుకి కామెర్లేమో, చూపించుకోమను నాయనా. నా టీవీ నాకు పెట్టు."

వాడు బుద్ధిగా పెట్టాడు. మోషన్ స్మూతింగ్ మాత్రం దొంగచాటుగా తీసేశాడని వారం తర్వాత తెలిసింది.

వీడితో సినిమాకెళ్లడం మరో శిక్ష. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టికెట్లు సంపాదించి, హీరో ఎంట్రీకి జనం కాగితాలు ఎగరేస్తుంటే, నా చెవిలో "మామూలు సినిమా తెరకి ప్రమాణం 48 నిట్లే, తెలుసా?" అన్నాడు. తెలీదు. తెలిశాక కూడా ఈల వేశాను.

మొన్న మా మామగారికి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యి, విశ్రాంతికి కొడుకు దగ్గరే ఉన్నారు. ఆపరేషనైన కంటికి తెలుపు నీలంగా తేలుతుంది, కానిదానికి ఇంకా పసుపుగానే ఉంటుంది. ఈ ముక్క ఆయన నోట రావడమే ఆలస్యం, బామ్మర్ది మొహం వెలిగిపోయింది. నేను వెళ్లేసరికి ఆయన్ని చీకటిగదిలో మానిటరు ముందు కూర్చోబెట్టి ఉంచాడు. తెరమీద మంచుకొండ, గుర్రమ్మీద మనిషి, మీద మెనూ.

"కొత్త కంటితో చూడు నాన్నా. ఇది 400. ఇప్పుడిది 1000. ఏది బాగుంది? ఇప్పుడు రెండో కన్నుతో."

ఆయన చెప్పినట్టల్లా ఒక కన్ను మూసి, ఒకటి తెరిచి, ఓపిగ్గా చూశారు.

"రెండూ బాగానే ఉన్నాయి గానీ, ఆ గుర్రం కదలదేంట్రా?"

"పాజ్‌లో పెట్టాను నాన్నా."

"ఎన్నాళ్లయింది?"