నల్ల కవరు చాటున

2017లో జీఎస్టీ వచ్చినప్పుడు కుంకుమకు, బొట్టుకు, గాజులకు పన్ను లేదు. శానిటరీ ప్యాడ్‌కు మాత్రం 12 శాతం! అలంకారం అత్యవసరం, ఆరోగ్యం విలాసం అన్నమాట. ఆడవాళ్లు గగ్గోలు పెట్టగా పెట్టగా 2018 జులైలో ఆ పన్ను ఎత్తేశారు. 2019 నుంచి జన ఔషధి కేంద్రాల్లో ప్యాడ్ రూపాయికే ఇస్తున్నారు.

ధర దిగింది గానీ సిగ్గు దిగలేదు. ఏటా మే 28న రుతు పరిశుభ్రత దినోత్సవమంటూ పత్రికలు పేజీ నింపుతాయి. మర్నాడు మందుల షాపాయన ఆ పేజీలోనే ప్యాడ్లు చుట్టి, నల్ల కవర్లో పెట్టి, దొంగసరుకులా చేతికిస్తాడు. మందు సీసా అయితే దర్జాగా ఊపుకుంటూ పోవచ్చు!

అయ్యలారా, సిగ్గుపడాలనుంటే నెలసరి రోజుల్లో ఆడపిల్లలు వెళ్లాల్సిన, నీళ్లు రాని బడి మరుగుదొడ్డిని చూసి సిగ్గుపడండి. ముందు ఆ కుళాయికి నీళ్లు రప్పించండి.