త్రీ నాట్ త్రీకి బాలబోధినీ వ్యాఖ్య

మూలం

.303

అవతారిక

ఒక చుక్క, మూడంకెలు. మూలమంతా ఇంతే. 1888లో బ్రిటిష్ సైన్యం లీ-మెట్‌ఫర్డ్ రైఫిలుతో పాటు దీన్ని లోకం మీదికి వదిలింది. తర్వాత లీ-ఎన్‌ఫీల్డ్ మోసింది, కలకత్తా దగ్గరి ఇషాపూర్ కర్మాగారం మోసింది, మన పోలీసు స్టేషన్లు దశాబ్దాలు మోశాయి, ఆఖరికి ఎన్‌సీసీలో నేనూ మోశాను. నాకిచ్చింది డీపీ రైఫిలు. అంటే కవాతుకే తప్ప కాల్పులకు పనికిరానిది. పేలని తుపాకీ మోసినవాడికి వ్యాఖ్యానం రాసేంత తీరిక దొరుకుతుంది.

మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని మన మెదక్ సీమ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు. నాకు దొరికినవి మూడంకెలు. ఆ ఒట్టు నా వల్ల కాదు.

పాఠాంతరం

‘త్రీ నాటు త్రీ’ అని మా ఊరి పాఠం. నాట్ అంటే దొరల సున్న. మావాళ్లు దాన్ని నాటుకోడి, నాటువైద్యం వరసలో కూర్చోబెట్టారు. ఈ పాఠం అగ్రాహ్యం. నాటుతుపాకీకి మూతిలోంచి మందు పోసి, పైన గుళ్లు వేసి, గజంతో దట్టిస్తారు. దానికి తూటా పేరుతో పనేముంది? మన సూత్రం పుట్టిందే తూటా పేరు చెప్పడానికి.

ప్రతిపదార్థం

(.) = అంగుళంలో భాగమని చెప్పే చుక్క (పలికేటప్పుడు లోపిస్తుంది); 303 = వెయ్యింట మూడువందల మూడు వంతులు. అనగా గొట్టం లోపలి వ్యాసం. మిల్లీమీటర్లలో 7.7.

ఇక్కడే అసలు చిక్కు. రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండు గింగిరాలు తిరుగుతూ సూటిగా పోయేది వాటి పుణ్యమే. గట్టు నుంచి గట్టుకు కొలిస్తే 303. గాడి అడుగు నుంచి గాడి అడుగుకు కొలిస్తే అంతకంటే ఎక్కువ. గుండు ఆ గాడుల్లోకి ఒరుసుకుంటూ పోవాలి గనక దాని వ్యాసం 311, 312 ఉంటుంది. తూటాను ముందు నుంచి కొలవండి, వెనక నుంచి కొలవండి, 303 మాత్రం దొరకదు. అది దాని ఒళ్లు కొలిచి పెట్టిన పేరు కాదు, ఇంటిపేరు.

ఆక్షేపం: .308 అని మరో తూటా ఉంది కదా, దాని గుండు దీనికంటే అయిదు వంతులు లావు కావాలి కదా?

సమాధానం: కాదు, సన్నం. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్‌కు గుండునే కొలిచి పేరు పెట్టారు. అది నిజంగానే 308. కనుక 303 వారి గుండు 308 వారి గుండుకంటే లావు. లెక్కల మాస్టారు ఒప్పుకోకపోవచ్చు. ఇది లెక్కల శాస్త్రం కాదు, వ్యాకరణం.

వ్యుత్పత్తి విచారం

శబ్దాలు యౌగికాలు, రూఢాలు, యోగరూఢాలు అని మూడు తెగలని చిన్నప్పుడు చదువుకున్నాం. బురదలో పుట్టింది కనక తామర పంకజం. అదే బురదలో పుట్టిన కప్ప మాత్రం కాదు. తూటాల పేర్లన్నీ ఈ బురదలోవే.

అమెరికావాళ్ల 1873 నాటి .45-70 శుద్ధ యౌగికం. గొట్టం లోపలి వ్యాసం 45, వెనక నల్లమందు 70 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజెత్తు; కంసాలికి గురివింద ఎలాగో వాళ్లకిది అలాగ, 7000 ఎత్తితే ఒక పౌను. ఈ సూత్రం పట్టుకుని .30-06 దగ్గరికి వెళ్లి ‘ఆరు గ్రెయిన్ల మందు’ అన్నవాడు పరీక్ష తప్పాడు. ఇక్కడ 06 అంటే 1906, ఆ దేశపు సైన్యం దాన్ని చేపట్టిన ఏడు. సరే, గీత తర్వాతిది మందో, సంవత్సరమో అనుకుని .250-3000 సావేజ్ దగ్గరికి వెళ్తే అక్కడ 3000 అంటే వేగం, సెకనుకు మూడువేల అడుగులు. గీత ఒకటే, అర్థాలు మూడు. శ్లేషకు మన కవులు పడ్డ పాట్లు వీళ్లు ప్రకటనల కోసం పడ్డారు.

.38 స్పెషల్ కేవల రూఢి. దాని గుండు 357. అదే గుండుకు పొడవాటి ఇత్తడి తొడుగు వేసి 1935లో కొత్త తూటా చేసినప్పుడు మాత్రం నిజం చెప్పి .357 మాగ్నమ్ అన్నారు. తొడుగు ఎందుకు పొడవంటే, ఆ బలమైన తూటా పాత .38 రివాల్వరులో పట్టకూడదని. పాతది కొత్తదాంట్లో పడుతుంది, కొత్తది పాతదాంట్లో పట్టదు. ఇత్తడితో రాసిన నిషేధ సూత్రమిది.

పన్నెండు బోరు సంగతి వేరే. పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కొక్కటి ఎంత లావో గొట్టం అంత లావు. అందుకే ఇరవై బోరు పన్నెండుకంటే చిన్నది. పొరపాటున ఇరవై బోరు తూటా పన్నెండులో పడితే గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. వెనక పన్నెండు తూటా వేసి పేల్చారా, గొట్టంతో పాటు చెయ్యీ పోవచ్చు. ఇరవై బోరు తూటాలు పసుప్పచ్చగా ఉండేది అందుకే.

రాజశాసన ప్రకరణం

కొన్ని పేర్లు కొలత వల్ల రావు, భయం వల్ల వస్తాయి. పాత మార్టిని-హెన్రీ రైఫిళ్లు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయని, వాటికి సరిపడే గుండ్లు దొరక్కూడదని, 1907 ప్రాంతంలో ప్రభుత్వం ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 తూటాలు నిషేధించింది. పులివేటకూ ఏనుగువేటకూ వచ్చే దొరలకేమో ఆ సైజే ముద్దు. లండన్ తుపాకుల దుకాణాలవాళ్లు వెంటనే .465, .470, .475, .476 పట్టుకొచ్చారు. నిషిద్ధమైనది నాలుగువందల యాభై అనే అంకె. ఏనుగుకు పదో పరకో వంతుల తేడా తెలుస్తుందా?

ఆ వాసన ఇంకా పోలేదు. .303 మనకు నేటికీ నిషిద్ధ బోరు. లైసెన్సున్న పౌరుడి కోసం మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీలు చేసే రైఫిలు .315.

మిల్లీమీటరు శాఖ

ఈ శాఖవారు మర్యాదస్తులు. 7.62×39 అంటే మొదటిది వ్యాసం, రెండోది తొడుగు పొడవు. ఏకే-47ది 39, నాటోవాళ్లది 51, రష్యావాళ్ల 1891 నాటి మోసిన్‌ది 54. మూడూ ‘సెవెన్ సిక్స్ టూ’లే. ఒకటి ఇంకోదాని ఇంట్లో అడుగుపెట్టదు. కనుక ఈ శాఖలో మొదటి అంకె చెప్పి ఊరుకోవడం ‘రెడ్డిగారబ్బాయి’ అని చెప్పి ఊళ్లో ఇల్లు వెతకమన్నట్టు. జపానువాళ్ల ‘7.7’ మరీ అన్యాయం: నౌకాదళం మరతుపాకీది అచ్చంగా మన .303 తూటాయే, సైన్యం రైఫిలుది పూర్తిగా వేరు.

ఇషాపూర్‌వాళ్లు 1962 యుద్ధం తర్వాత మరో లీల చేశారు. త్రీ నాట్ త్రీ ఆకారంలోనే, అదే కర్ర, అదే మూతితో 7.62×51కు రైఫిలు చేశారు. పేరు 2ఏ, తర్వాత 2ఏ1. తెలిసినవాళ్లు మ్యాగజీను చూసి పోలుస్తారు: పాతది ఏటవాలు, కొత్తది పెట్టెలా చదరం.

దోష ప్రకరణం

పట్టడం వేరు, సరిపడటం వేరు. 5.56 నాటో, .223 రెమింగ్టన్ తూటాలు పక్కపక్కన పెడితే కవలలు. .223 తూటాను 5.56 రైఫిలు భరిస్తుంది. 5.56 తూటాను .223 రైఫిల్లో పేలిస్తే ఒత్తిడి హద్దు దాటొచ్చు; గాడులు మొదలయ్యే చోటు అందులో దగ్గర. అంతకన్నా ఘోరం .300 బ్లాకౌట్: .223 తొడుగునే కురచ చేసి, మెడ వెడల్పు చేసి 308 గుండు పెట్టారు. ఒకే మ్యాగజీనులో ఒదుగుతుంది, ఒక్కోసారి .223 ఛాంబరులోనూ మూసుకుంటుంది. మీట నొక్కితే లావు గుండు సన్న గొట్టంలో పట్టదు, రైఫిలే పగులుతుంది. అమెరికా కాల్పుల మైదానాల్లో ఇది జరిగిన ముచ్చటే.

తాత్పర్యం

గొట్టం మీద ఏ పేరు చెక్కారో, ఇంటిపేరుతో సహా ఆ పేరున్న తూటాయే వేయవలెను. తూటా అడుగున చూద్దామంటే సైనిక సరుకు మీద తరచు కర్మాగారం గుర్తు, సంవత్సరం, ‘VII’ అని రోమన్ అంకె ఉంటాయి గానీ .303 అని ఉండదు. కావున అట్టపెట్టె పారేయరాదు.

గ్రంథపాతం

కవాతు త్రీ నాట్ త్రీతో అయినా మాచేత కాల్పించింది పాయింట్ టూ టూతో. తలా అయిదు తూటాలు, పదిమంది. కాల్చాక ఖాళీ తొడుగులు లెక్క అప్పగించాలి. హవల్దారు వాటిని ఖోకాలనేవాడు. ఆ రోజు నలభైతొమ్మిదే తేలాయి. గడ్డి దువ్వించాడు, బూట్లు విప్పించాడు, మాలో ఒకణ్ని దొంగని కూడా తేల్చాడు. గంటన్నర తర్వాత, నా కుడిపక్కన పడుకుని కాల్చినవాడు చెయ్యెత్తి నుదురు తుడుచుకుంటే మోచేతి దగ్గరి చొక్కా మడతలోంచి టంగుమని రాలింది. నా బోల్టు లాగుడికి ఎగిరిపడ్డదే. హవల్దారు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, ఏమీ అనకుండా డబ్బాలో వేసి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాడు.