తగలని లాటరీకి మూడు లక్షలు

అమెరికావాళ్లకు వ్యాపారం చేతకాదు. సైన్యం వాడి పక్కన పెట్టిన 1911 రకం పిస్తోళ్లను అక్కడ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ 2018 నుంచి పౌరులకు అమ్ముతోంది. 1985లో బెరెట్టా పిస్తోలు వచ్చేదాకా సైన్యంలో ఏడు దశాబ్దాలు కొలువు చేసిన తుపాకీ అది. సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకని దరఖాస్తులు తీసుకుని, కంప్యూటర్‌తో లాటరీ నంబర్లు వేయించారు. మొదటి విడతలో ధర 850 నుంచి 1,050 డాలర్లు. వంతు వచ్చినవాడే డబ్బు కడతాడు. రానివాడికి పోయేది తపాలా ఖర్చే.

ఇదేం లాటరీ అండీ! ఓడినోడి జేబు తడమకుండా పంపిస్తారా?

ఒక్కసారి సంగారెడ్డి వచ్చి చూసిపోతే బాగుపడేవారు. 2023లో మన తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు చీటీలు తీశారు. దరఖాస్తుకు 2 లక్షలు, తగలకపోతే గోవిందా. లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సీసా మూత తియ్యకుండానే సర్కారు రాబడి 2,600 కోట్లు దాటింది. 2025లో రుసుము 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు పడిపోయాయి, గడువు కూడా పొడిగించాల్సి వచ్చింది. రాబడి మాత్రం 2,850 కోట్లకు పెరిగింది. జనం తగ్గితే పైసలు పెరగడం ఏ ఆర్థికశాస్త్రంలో ఉందో గానీ, ఎక్సైజు శాఖలో ఉంది.

ఇక్కడ తుపాకీ లైసెన్సు కావాలంటే ఎందుకు కావాలో అధికారులకు సవాలక్ష కారణాలు చెప్పుకోవాలి, పోలీసు విచారణ దాటాలి. మందు దుకాణానికి ఎందుకని ఎవరూ అడగరు. పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగే జనాన్ని చూస్తే తెలియదా?

సైనిక సరుకు మన జిల్లాకు కొత్త కాదు. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే సరథ్ యుద్ధవాహనం నేల మీదే కాదు, నీళ్లలోనూ నడుస్తుంది. పాతవి లాటరీకి పెడితే వానాకాలం పటాన్‌చెరు రోడ్లకు నేనే ముందు దరఖాస్తు పెడతా. రుసుము ఎంతంటారోననే భయం!

అమెరికా అధికారులకు మనవి: ఇప్పటి మద్యం లైసెన్సులు 2027 నవంబర్ 30తో ముగుస్తాయి. శిక్షణకు ఆలోపే రండి. తలా 3 లక్షలు తెచ్చుకోండి, తిరిగి ఇవ్వరు.